పోయిన వస్తువుల గది

లీడ్స్ స్టేషన్‌లో నా ఉద్యోగం
పోయినవాటిని రాసుకోవడం.
నల్ల గొడుగు, ఒకటి. పిడి విరిగింది.
హల్ నుంచి వచ్చిన బండి, మూడో పెట్టె, సాయంత్రం నాలుగుంబావు.
చీటీ కట్టి, అరలో పెట్టి,
మళ్ళీ తర్వాతది.

పన్నెండేళ్ళుగా ఇదే పని.
ఓసారి కట్టుడు పళ్ళొచ్చాయి, రుమాల్లో చుట్టి.
ఓసారి ట్రంపెట్.
పెళ్ళి ఉంగరాలకైతే లెక్కలేదు,
వాటికోసం అందరూ రారు.

మంగళవారాలు డ్యూటీ దిగాక
ఆర్మ్‌లీలో లైబ్రరీ మేడమీద ధ్యానం నేర్పుతారంటే వెళ్ళాను.
భక్తితో కాదు, నిద్ర పట్టక.
పద్మాసనం వేయమంటారేమోనని
మెట్లెక్కుతూనే మోకాళ్ళని ఓదార్చుకున్నాను.
తీరా చూస్తే ప్లాస్టిక్ కుర్చీలు, తొమ్మిది.
చెప్పే మనిషి గ్లెనిస్,
నలభయ్యేళ్ళు పిల్లలకి ఈత నేర్పిందట.
గొంతులో ఇంకా ఆ కొలను గోడల మోత.
"పాదాలు నేలకి ఆనించండి.
ఊపిరి మీరు లాగక్కర్లేదు, అదే వస్తుంది.
వచ్చినప్పుడు వచ్చిందని తెలిస్తే చాలు."

ఓస్, ఇంతేనా అనుకున్నాను.

ఒక ఊపిరి.
రెండోది సగంలో ఉండగా
పొద్దున తోడేసిన పెరుగు గుర్తొచ్చింది.
పెరుగు నుంచి పులుపు, పులుపు నుంచి చింతపండు,
చింతపండు నుంచి మా తోటికోడలు
ఏడేళ్ళ కిందట అన్న మాట,
అప్పుడు నోటికి రాని జవాబు
ఇప్పుడు, ఈ మేడమీద, ఎంత చక్కగా కుదిరిందో!
రెండుసార్లు ఇచ్చాను.
కళ్ళు తెరిస్తే ఎవరూ విన్నట్టు లేదు.
పక్క కుర్చీలో లారీ నడిపే డెరిక్
గురక పెడుతున్నాడు.

మనసు కోతి అంటారు మనవాళ్ళు.
కోతైతే నయం, అలిసిపోయి ఎప్పుడో ఓ కొమ్మన కూర్చునేది.
నాది పాసింజరు బండి.
ప్రతి స్టేషన్లో ఆగుతుంది.
ఎక్కిందెవరో
దిగేదాకా నాకు తెలీదు.

మూడోవారం చెప్పేశాను, నావల్ల కాదని.
ఇరవై నిమిషాల్లో ఊపిరి దగ్గరున్నది
ముచ్చటగా మూడుసార్లని.
"మిగతాసేపు తప్పిపోయావని ఎలా తెలిసింది?"
"తెలిసింది."
"అదే మరి. నీళ్ళు మింగకుండా
నా దగ్గర ఒక్క పిల్లా ఈత నేర్వలేదు."
ఇంతకీ నువ్వు చేసే పనేమిటంది.
చెప్పాను.
పగలబడి నవ్వింది. డెరిక్ ఉలిక్కిపడి లేచాడు.

మా గదిలో ఒక నియమం ఉంది.
సంచీ దొరికితే విప్పొచ్చు, పేరు కోసం మాత్రమే.
ఉత్తరముంటే చదవకూడదు.
కోటుంటే తొడుక్కుని
అద్దం ముందు నిలబడకూడదు.

నాలుగోవారం అలా కూర్చున్నాను.
తోటికోడలు వచ్చింది.
పాత కోపం, ఒకటి. పిడి విరిగింది.
అరలో పెట్టాను.
ఒక బెంగ వచ్చింది, ఎవరిదో తెలీదు,
బొడ్డుకి రెండు వేళ్ళ పైన, బరువుగా.
విప్పలేదు.
పెరుగు మళ్ళీ వచ్చింది. పెరుగే కదా, పోనిచ్చాను.

ఒకటి మాత్రం విప్పాను, అబద్ధమెందుకు.
మా చెల్లెలు నవ్వేముందు
ముక్కుతో తీసే చిన్న శబ్దం.
విప్పి, కూర్చుని,
గంట మోగేదాకా చదువుకున్నాను.
పోయింది అనే మాట మనకి
గొడుక్కీ మనిషికీ ఒకటే.
వాళ్ళ భాషలోనూ దాదాపు అంతేనంది గ్లెనిస్,
టీ కప్పు నా చేతికిస్తూ.
ఇంకేమీ అనలేదు.
నియమం తప్పానని కూడా.

నిద్ర ఇంకా అంతంతమాత్రమే.
నిన్న బస్టాపులో నిలబడ్డాక చూసుకుంటే
నా గొడుగే మేడమీద వదిలేశాను.
సన్న జల్లు. ఎడమ చెప్పులోకి నీళ్ళు.
చలికి ఊపిరి తెల్లగా కనిపించింది
మొహం ముందు, కాసేపు.
తర్వాత లేదు.
మళ్ళీ వచ్చింది.
అలవాటుగా చెయ్యి జేబులో పెన్ను వెతికింది.
బస్సు రావడానికి
ఇంకా తొమ్మిది నిమిషాలుంది.