లాకు మీద య

రాజోలు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా
రేకుల వరండాలో మూడు కంప్యూటర్లు.
మధ్యది నాది.
జీతం ఉన్నంతవరకూ నాది.

పదహారేళ్లప్పుడు శివకోడు మిల్లులో
పీచు తీసే చక్రం నా కుడి చిటికెన వేలు అడిగింది.
అడగలేదు, తీసుకుంది.
మిగతా తొమ్మిదీ టైపు నేర్చుకున్నాయి.

చిక్కేమిటంటే
తెలుగు కీబోర్డులో ఆ వేలి వాటాకి వచ్చినవి
చ, ట, జ, డ, చివరాఖర్న య.
దస్తావేజు చూడండి మరి:
"వ్రాయించి యిచ్చిన విక్రయ పత్రము."
య లేకుండా కోనసీమలో సెంటు భూమి చేయి మారదు.
ప్రతి య కీ ఉంగరం వేలు
రేవు దాటే పంటులా
అంత దూరం పోయి తిరిగి రావాలి.
సాయంత్రానికి మణికట్టు
నానేసిన కొబ్బరితాడులా ఉబ్బేది.

ఎడమ చివర ఒక మీట ఉంది, క్యాప్స్ లాక్.
దీపం వెలిగించుకుని కూచుంటుంది, పని లేదు.
మన అక్షరాల్లో పెద్దవీ చిన్నవీ లేవు కదా,
కలెక్టరు పేరులో క ఎంతో
కూలివాడి పేరులోనూ అంతే.

మా నాన్న లాకుల దగ్గర లస్కరు.
మా ఇంట్లో లాకంటే బిగించేది కాదు,
తలుపెత్తి నీళ్లని
కావాల్సిన వైపు పంపేది.
అందుకే పెద్ద ధైర్యం అక్కర్లేకపోయింది.
కాలువలు కట్టేసిన నెల, రిజిస్ట్రేషన్లు పలచన,
ప్రింటర్లు బాగుచేసే నూకరాజు
ఓ చిన్న ప్రోగ్రాం ఎక్కించి
ఏ మీట ఏం పలకాలో చెప్పమన్నాడు.
య ని తెచ్చి లాకు మీద పెట్టించాను.
ట ని కుడి బొటనవేలి కిందికి.
చ ని కదపలేదు, దానికి ఎలాగో అందుతాను.

మొదటి వారం వేళ్లు పాత దారినే పోయాయి,
గండి పడ్డాక కూడా అదే గట్టెక్కే గేదెల్లా.
తర్వాత ఓ మంగళవారం
"యావదాస్తి" అని కొట్టేసి
వెనక్కి చూసుకుంటే, చూడకుండా కొట్టాను.
ఆ మీట మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టాను.

నాకు జ్వరమొచ్చిన రోజు
పాపారత్నం నా సీట్లో కూచుంది.
పాత చోటే నొక్కింది, ఏమీ పడలేదు, చూసుకోలేదు.
వంద రూపాయల స్టాంపు కాగితం మీద
క్రయం కాస్తా క్రం అయింది.
బొంతు రాయుడు గారి పేరులో య ఊడిపోయి
కొమ్ము ఒక్కటీ గాల్లో వేలాడింది.
"నా పేరులో ఎముక తీసేశారేంటండీ" అన్నాడట.

ఆ వంద నా జీతంలో కోశారు.
"అందరిలా ఉంచలేవా, సువార్తా?" మట్టపర్తి వారు, మా యజమాని.
ఉంచొచ్చండి, వేలొకటి తెప్పించండి
అనలేదు.
ఆయ్ అన్నాను.
నూకరాజే మళ్లీ వచ్చి మార్గం చెప్పాడు:
రెండు మీటలు కలిపి నొక్కితే నా కాలువ,
ఇంకోసారి నొక్కితే ఊరందరి కాలువ.

పది రోజులకి, దీపాలు పెట్టే వేళ,
సగం షట్టరు దించి
ఆయన నా పక్కకి స్టూలు లాక్కున్నారు.
ఒళ్లో దాచుకున్న చేతులు బల్ల మీద పెట్టారు.
గాలి లేని పూట
కొబ్బరాకు చివర కదిలినట్టు, వణుకు.
"ఒక్కసారి నొక్కితే రెండు పడుతున్నాయే.
ససంతకం అని వస్తోంది.
మీట కాస్త ఆగి పలికేలా పెట్టగలవా?"

నూకరాజుకి ఫోను చెయ్యలేదు.
అదెక్కడుందో వెతుక్కుంటూ వెళ్లాను.
కొంచెం నెమ్మది. ఇంకొంచెం.
ఆయన వేలు కుదురుకునేదాకా
అక్షరం కాచుక్కూచుంది.
తన ఇంటిపేరు కొట్టుకున్నారు.
ఒకే ఒక్క మ.
తెర వైపు చాలాసేపు చూశారు.

"రేపు పొద్దున్నే తీసెయ్. ఎవరైనా చూస్తే..."

పొద్దున్న నేను తీయలేదు.
ఆయనా అడగలేదు.
వంద మాత్రం
ఇంకా తిరిగి రాలేదు.