లాకు దగ్గర, ఎనిమిదింబావుకి

తలుపులెత్తే ఇనపమరకి రాగితీగ చుట్టి
రెండో కొస రేడియోకి తగిలిస్తే
బెండమూర్లంక కాలవ మీద
మా లాకంతా ఏరియలేనండి.
ఎనిమిదింబావుకి సైన్సు కబుర్లు.
వినేవాళ్లం ముగ్గురం, వాన పడితే నలుగురం:
నేను, లస్కర్ని, గుబ్బల నూకరాజుని;
రొయ్యల చెరువు కాపలా ఏసుపాదం;
గంపలో మిగిలిన పరిగెలతో ఆగే కొల్లాటి మంగాయమ్మ.
నాలుగోది కుక్క.

చదివే అమ్మాయికి మంచి అలవాటొకటుంది,
తెలీనిదాన్ని తెలీదంటుంది.

“నూట ఇరవై నాలుగు కాంతి సంవత్సరాల అవతల
ఓ గ్రహం గాలిలో
మన సముద్రపు నాచు వల్ల పుట్టే వాయువు లాంటిది
ఉందేమోనని అనుమానం. ఇంకా రూఢి కాలేదు.”
మంగాయమ్మ గంప దించింది.
“నీచు వాసనేనా?”
అలాంటిదే అన్నాను, నాకూ సరిగ్గా తెలీక.
“అక్కడా పొద్దెక్కితే రేటు పడిపోద్దా?”
అని తనే నవ్వి, నవ్వు సగంలో ఆపి,
ఆ వెలుతురు బయల్దేరేటప్పటికి
వాళ్లమ్మమ్మ పుట్టిందో లేదోనని
వేళ్లు మడిచింది, విప్పింది.
లెక్క తేలలేదు.

ఇంకో రాత్రి,
దాహమేసిన టమాటా మొక్క
మన చెవికందని చిటుకుచిటుకు చప్పుడు చేస్తుందంది.
ఏసుపాదం బీడీ ఆర్పేశాడు.
వాళ్ల నాన్న కౌలుకి చేసిన చేను
ఇప్పుడతను కాపలా కాసే చెరువు అడుగునుంది.
“కాలవ కట్టేసిన ఏడు
మా నాన్న గట్టు మీద కూచుని
చేనుకేసి చెవొగ్గేవోడు.
పిచ్చనుకున్నాం.”
వరి సంగతి చెప్పలేదురా,
టమాటాయే చెప్పింది అన్నాను.
ఎందుకన్నానో.

ఇక మొన్నటి కబురు.
ఆకాశంలో తిరిగేవాటితో కొలిచారంట,
లోకంలో చాలా డెల్టాలు దిగిపోతున్నాయంట,
ఏటా ఇన్నేసి మిల్లీమీటర్లు.
ఒండ్రు పైనెక్కడో ఆనకట్టల్లో ఆగిపోతోంది,
అడుగున నీళ్లు తోడేస్తున్నాం,
నేల సద్దుకుంటోంది.
ఆ అమ్మాయి నదుల పేర్లు చదువుతోంటే
పక్కూరి పరీక్ష ఫలితాల్లా విన్నాం.
గోదావరి అంది.

కుక్క తప్ప ఎవరం కదల్లేదు.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా
పొద్దున ఆరింటికి, పన్నెండింటికి, మళ్లీ ఆరింటికి
గేజీరాయి మీద పాచి గోకి
నీళ్లెంతున్నాయో రిజిస్టర్లో రాస్తున్నానండి.
ఒక్క పూట తప్పలేదు.
మా పెద్దాడి పెళ్లిరోజున
తాళికీ భోజనాలకీ మధ్య
సైకిలేసుకొచ్చి రాశాను.
ఆ రాయి పాతింది ఈ నేల్లోనే కదా.
నేల దిగితే రాయీ దిగుద్ది,
రాయితో పాటు నేనూ, నా చెప్పులూ,
అంకె చూసే కన్నూ.
నీళ్లు పెరిగాయని నేన్రాసిన పూట
పెరిగింది నీళ్లా, తగ్గింది మేమా?

“పడవలో కూచుంటే
ఒడ్డు నడిచినట్టుండదూ” అంది మంగాయమ్మ.
“మరాళ్లెక్కడ నిలబడి కొలిచారు?”
పైన, అని చెయ్యెత్తాను.
నిజంగానే ఓ చుక్క చప్పుడు లేకుండా పోతోంది.
అదే ఇదో, ఇంకోటో.
కొబ్బరాకుల వెనక్కెళ్లిందాకా చూశాం.
పరిగెలు వాసనొచ్చేశాయి,
కుక్క ముందుకి పోసేసి ఆవిడెళ్లిపోయింది.

పొద్దున ఆరింటికి రాయి కడిగాను.
నిన్నటి అంకే.
రిజిస్టర్లో చివరి గడి ‘వివరణ’,
ఇన్నేళ్లూ అక్కడ అడ్డగీతే.
ఆ పూట రాశాను: రూఢి కాలేదు.

సంతకానికొచ్చిన ఏఈ గారు
ఇదేంటయ్యా అన్నారు.
ఎనిమిదింబావుకి రండి సార్,
కూచోడానికి సిమెంటు బస్తా ఉంది అన్నానండి.
ఆయ్.