గట్టిగ మాట్లాడే గల్లీ

మా గల్లీల ఎవ్వలూ మెల్లగ మాట్లాడరు.
కొత్తగ కిరాయికి వచ్చినోళ్ళు
మొదటి రోజు తగువనుకుంటరు,
రెండో రోజు చెవిటోళ్ళనుకుంటరు.
రెండోదే నిజం.

మిల్లు వెనుక గోడకు ఆనుకొని ముప్పై రెండు ఇండ్లు.
పద్దెనిమిదేండ్లకు లోపలికి పోయినోడు
నలభై దాటేసరికి
మగ్గాల మోతను చెవులల్ల పెట్టుకొని బయటికొచ్చేటోడు.
ఆడోళ్ళు గొంతు పెంచిన్రు.
వాళ్ళను చూసి పిల్లలం పెంచినం.
మా ఇంట్ల రహస్యం పుడితే
మూడో ఇంట్ల నుంచి
యాకూబ్ అలీ భార్య నూర్జహాన్బీ జవాబు చెప్పేది.

నాయిన వీవింగు ఖాతాల నాలుగు మగ్గాలు చూసేటోడు.
పొద్దుగాల పోయిన పడుసోడు
కనుబొమ్మల మీద దూదితోని
సాయంత్రం ముసలోడై వచ్చేటోడు.
అవ్వ చెంబెడు నీళ్ళు గుమ్మరిస్తే
మల్ల ముప్పైయేండ్లోడయ్యేటోడు.
రోజూ చూసినం గనుకనే
నిజంగ ముసలోడైన దినం
మేం గుర్తుపట్టలే.

తొలి కూతకు పొయ్యి అంటుకోవాలె,
మలి కూతకు టిఫిన్ డబ్బా మూత పడాలె.
రాత్రి కూతకు
రెండో షిఫ్టు దిగినోళ్ళ చెప్పుల సప్పుడు కోసం
గొళ్ళెం పెట్టని తలుపులు ఎదురుచూసేవి.
బేతి సామ్రాజ్యం ఇంట్ల గడియారం ఉండె గానీ
దానికి కీ ఇచ్చినోళ్ళు లేరు.
ముగ్గురు పిల్లలు పుట్టిన గడియలు
జాతకం రాసే అయ్యగారు అడిగితే
"కూతకు ముందల, కూతల, కూతైనంక" అన్నది.
ఆయన అట్లనే రాసుకున్నడు.

ఖాతా లోపల నోరు పనికిరాదు.
చేతులే భాష.
రెండు వేళ్ళు విరిచినట్టు చూపితే పోగు తెగింది.
బొటనవేలు నుదుటికి తాకితే సూపర్‌వైజర్ వస్తున్నడు.
దోసిలి నోటి కాడికి పోతే చాయ్.
పిడికిలి పైకి లేస్తే దానికి అర్థం చెప్పే పని లేదు.
ఒక యేడు అది అరవై మూడు దినాలు దిగలే,
కిరాణం వీరేశం తన ఉద్దెర బుక్కుకు
మా గల్లీ కోసం కొత్త కాయితాలు కుట్టుకున్నడు.
చిలగాని మొగిలి అయితే
ఇరవై మగ్గాల అవతలి దాక
చేతులతోనే జోకు చెప్పేటోడట.
నవ్వు వరుస వెంబడి
నిమ్మలంగ నడిచి పోయేదట.

ఆ భాష ఇంటికి కూడ వచ్చింది.
అలిగిన నాడు అవ్వ రెండు వేళ్ళు విరిచి చూపేది.
నాయిన చూపుడువేలు మీద బొటనవేలు రాసి
ముడి వేసినట్టు చేసేటోడు.
అంతే. కంచంల బువ్వ పడేది.

గేటుకు తాళం పడ్డ ఏడాది
యాకూబ్ అలీ చెక్కు మార్చి ఆటో కొన్నడు.
మొగిలి హన్మకొండ చౌరస్తాల బఠాణీలు అమ్మిండు,
గిరాకి ఏమడిగిందో వినపడక
అందరికీ కారం దండిగ వేసిండు.
సామ్రాజ్యం వండిన అన్నం మూడు దినాలు మాడింది.
నాలుగో దినం గడియారానికి కీ ఇచ్చింది.

నేనిప్పుడు కాజీపేటల బ్యాంకుల పనిచేస్త.
"మేడం, జర మెల్లగ" అంటరు,
వాళ్ళ అప్పు సంగతి హాలంత విన్నదని.

ఎంజీఎంల ముక్కుకు గొట్టం పెట్టినంక
నాయిన రెండు వేళ్ళు లేపి, విరిచినట్టు చూపిండు.
సిస్టరమ్మ నీళ్ళనుకున్నది.
బత్తాయి రసమని తమ్ముడు కిందికి ఉరికిండు.
అవ్వ మంచం దగ్గరికి జరిగి
చూపుడువేలు మీద బొటనవేలు రాసింది.
ఒకసారి. రెండుసార్లు.
ఆయన చెయ్యి కిందికి దిగేదాక.

మొన్న మున్సిపాలిటోళ్ళు వచ్చి
గల్లీ మొదట్ల కొత్త పేరు పలక కొట్టిన్రు.
ఏం పేరని లోపలి నుంచే అడిగింది నూర్జహాన్బీ.
చదివి చెప్పిన.
వినపడలేదన్నది.
ఇంకా గట్టిగ చెప్పిన.
"అది మన గల్లీ కాదు బిడ్డా,
పక్క గల్లీల చూసి చెప్పు" అని
ఐదారిండ్ల నుంచి ఒక్కసారే అరిచిన్రు.