రొట్టెల డబ్బాలో ఫోను

స్టోర్నవేలో గాలి ఈ రాత్రి కూడా
ఓడను రేవులోనే కట్టేసింది.
టోర్మడ్ నడిపే ఆఖరి బస్సు
ఇంకా బార్వస్ దారిలోనే ఉంది.
బస్సాగిన చోటెక్కడో నా మెసేజ్ చదివాడు.
రెండు నీలి గీతలు.
నలభై నిమిషాలైనా జవాబు లేదు.

ఈలోగా వంటింట్లో కోర్టు పెట్టేశాను.
సాక్షిని నేనే, తీర్పరిని నేనే,
ముద్దాయికి మాత్రం సమను అందలేదు.
పొద్దున టీ సగంలో వదిలేశాడు. నమోదు.
ఆదివారం కీర్తనల వేళ నా పక్కన కాక
బెంచీ చివర కూర్చున్నాడు. అదీ నమోదు.

అప్పుడు కనబడింది నా బొటనవేలి గోరు,
బల్ల అంచున రంగు గీకుతూ.
ఈ గోటిని నేనెరుగుదును.
ఏడేళ్లప్పుడు మెట్ల మీద కూర్చుని
నాన్న బూట్ల చప్పుడు కోసం
చెవులు రిక్కించి ఇలాగే గీకేది.
ఆ ఆలస్యం టోర్మడ్‌ది కాదు.

పడవలో తలగడేసుకుని నిద్రపోయినవాడా,
గాలిని ఆపమని అడగను.
నువ్వు లేచేదాకా
నీ పక్కన కాస్త చోటివ్వు,
వణికే చేతులతోనే కూర్చుంటాను.

ఫోను రొట్టెల డబ్బాలో పెట్టి
మూత వేశాను. రెండుసార్లు తెరిచాను.
మూడోసారి తెరిచింది రొట్టె కోసమే.

పదకొండున్నరకు తలుపు చప్పుడు.
ఎక్కడున్నావన్న మాట
నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి,
"భయమేసింది టోర్మడ్.
నీ వల్ల కాదు, పాత భయం" అన్నాను.

అతనేమీ అనలేదు.
తడిసిన మేజోళ్లు విప్పి
పొయ్యి కడ్డీకి ఆరేశాడు.
చాలాసేపటికి,
"ఎంత పాతది?" అన్నాడు
కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.