పాటల పుస్తకం

స్టోన్‌హౌస్‌పేటలో మా హాలు ఒకప్పుడు బియ్యం మిల్లు.
బస్తాలు ఆనిన గోడలకి ఇప్పుడు బొమ్మలు.
తలుపు గట్టిగా వేస్తే చాలు
దూలాల మీంచి ఇంకా తవుడు రాలుతుంది
ఏ రాణిగారి భుజం మీదో.

నా పని పుస్తకం రాయడం.
అట్ట మీద 'పాటలు' అని ఉంటుంది.
కొత్తగా చేరిన కుర్రాడు అది తెరిచి
రాగాల కోసం వెతికాడు పాపం;
లోపలంతా అంకెలు.

పాట పెట్టేది మస్తానయ్య.
ముప్పై ఏళ్లు కందుకూరు పొగాకు వేలంలో
బేళ్ల మధ్య తిరిగిన గొంతు.
ఇప్పటికీ ఫ్రేము దగ్గరికి వంగి
ముందు వాసన చూస్తాడు, తర్వాతే బొమ్మ.
చేతిలో ఉదయగిరి కలివికర్ర సుత్తి.

ఉగాది వెళ్లిన వారానికి అది వచ్చింది.
జానెడు అభ్రకం రేకు. అందులో ఒక ఆడమనిషి
కాళ్లు చాపుకుని కూర్చుని రేకులు చీలుస్తోంది.
సైదాపురం గనుల పక్క పాత బంగ్లా ఖాళీ చేస్తూ
ఆగిపోయిన గడియారాలతో పాటు తెచ్చి పడేశారు.
నేను రాశా:
అభ్రకం మీద బొమ్మ. మూల పొర లేచింది.
గీసినవాడు తెలియదు.
మొదటి పాట మూడు వేలు.

ఎవరూ చెయ్యెత్తలేదు.

రోహిణి కార్తెలో ఫ్యాన్ల కింద
మనుషుల కంటే కుర్చీలు ఎక్కువ.
మద్రాసు బేరగాళ్లిద్దరు గాజు మీది కృష్ణుణ్ణి పట్టుకుపోయారు.
రొట్టెల పండక్కి మా పెంచలరెడ్డిగారు
చెరువులో దిగి వ్యాపారం రొట్టె తిని వచ్చి
"ఇంక చూడండి" అన్నారు.
చూశాం.
ఆ నెలే అల్లూరు గుంటల్లో రొయ్యకి తెల్లమచ్చ తగిలింది.
రొయ్య పడుకుంటే ఇక్కడ బొమ్మ పడుకున్నట్టే:
రెండు లక్షలు పలకాల్సిన నిలువెత్తు దొర
ముప్పై అయిదు వేలకి
ఒక హోటలు మెట్ల కిందికి కాపలాకి పోయాడు.

దసరాకి రేకుని మళ్లీ పెట్టాం. రెండున్నర.
మస్తానయ్య దాన్ని లైటుకి ఎదురు పట్టాడు.
"సూడండబ్బా, ఎంత పల్చనో!"
ఎవరో ఆవులించారు.

కార్తీకంలో పెన్న హాల్లోకి వచ్చింది,
మోకాలి బంటి.
రాత్రంతా ముగ్గురం బొమ్మల్ని
తడిసిన వడ్ల బస్తాల్లా అటక మీదికి మోశాం.
కాగితం మీది పూలు ఉబ్బి చిట్లాయి.
గుడ్డ మీది దేవుళ్లకి బూజు.
రేకు మాత్రం బురదలో దొరికింది. కొంగుతో తుడిస్తే
రంగు చెదరలేదు.

మట్టి ఎత్తడానికి వచ్చిన చెంగమ్మ
తట్ట దించి దాని ముందు నిలబడింది.
"పైన గీసింది కాదమ్మే ఇది.
రేకు సీల్చి, లోపల గీసి, మళ్లా మూసుండారు.
పొర యాడ ఇడస్తాదో సేతికే తెలస్తాది, కంటికి తెలవదు.
బొటనేలికి గుడ్డ సుట్టుకోనుండాది, సూసినావా?
కూసోని సూసే దొరకి అది కానరాదు.
కోసుకున్నోళ్లకే."

తన బొటనవేలు చాపింది.
నేను చూసిన దానికి పుస్తకంలో గడి లేదు.

ఆ సాయంత్రం 'గీసినవాడు'లో
'వాడు' ఒక్కటే కొట్టేసి 'ఆమె' అని రాశా.
'తెలియదు' అలాగే ఉంది.

మాఘంలో మూడోసారి.
అభ్రకానికి ఎక్కడో మోజు పుట్టిందట, మద్రాసువాళ్లు పోటీ పడ్డారు.
పదకొండు వేలు. ఒకటోసారి.
రెండోసారి.
మస్తానయ్య ఆగాడు.
పొగాకు వేలంలో క్షణం నిలవని మనిషి
సుత్తి గాల్లో పట్టుకుని వీధి తలుపు వైపు చూశాడు.
చెంగమ్మకి ఎవరూ కబురు చెప్పలేదు,
ఆ రోజు పడుగుపాడులో కూలికి పోయిందట.
దెబ్బ పడింది. తవుడు రాలింది.

ఏడాది లెక్క మూస్తూ పేజీలు తిప్పుతున్నా.
అభ్రకం బొమ్మ, పదకొండు వేలు.
నాలుగు పేజీలు వెనక్కి, నా దస్తూరీలోనే:
చెంగమ్మ, మట్టి ఎత్తినందుకు, ఆరొందలు.
కింద ఆమె వేలిముద్ర.
మధ్యలో అడ్డంగా ఒక పాత గాటు.