వెనక పేజీ

గుణుపురంలో బస్సు కదలకముందే
మహాపాత్రో మేడమ్ చెప్పేసింది:
"బొమ్మ ఏ కాలానిదో రాయొద్దు, అది చీటీ మీదే ఉంటుంది.
నీకేమయిందో రాయి. పది లైన్లు. ఒడియాలోనే."
నాకేమవుతుంది?
కోరాపుట్ ఘాటు మలుపుల్లో రెండుసార్లు వాంతి అయింది.
అది రాస్తే మార్కులు వెయ్యరు.

మ్యూజియంలో చెప్పులు విప్పక్కర్లేదట.
అయినా కింతలి ధనుంజయ విప్పేశాడు, అలవాటు.
ముట్టుకోరాదని ఒడియాలో ఉంది, ఇంగ్లీషులో ఉంది,
తెలుగులో లేదు కదాని
డోక్రా ఏనుగుని వేలితో కొట్టి చూశాడు.
"కడుపంతా బోలే, మా మావయ్య మాటల్లాగ."
అదే రాసిచ్చాడు కూడా.

పొట్నూరు హైమ కొట్‌పాడు చీర ముందు
ఊపిరి అద్దానికి పట్టేంత దగ్గరగా వంగింది.
ఎరుపు చూడలేదు, నేత చూడలేదు,
అంచులో తెగిన ఒక్క పోగుని చూసింది.
"ఇది ఎవరో కట్టుకున్నదే. మేకుకి తగిలించుకుంది."
దాని పది లైన్లూ ఆ మేకు గురించే.

బిభూతి బొమ్మల జోలికే పోలేదు.
కాపలా ముసలాయన కుర్చీకి
వైరు తెగినచోట గోనెపట్టా చుట్టి ఉందని,
ఆ గదిలో ఇంకా పనిచేస్తున్న వస్తువు అదొక్కటేనని రాశాడు.
మేడమ్ అది చదివి
కళ్లజోడు తీసి తుడుచుకుంది, అంతే.

నేను సవర బొమ్మ దగ్గర ఆగిపోయాను.
ఎర్రమట్టి మీద బియ్యప్పిండి తెలుపు,
చీపురుపుల్లలంత మనుషులు,
గుర్రమెక్కినవాడొకడు, గొడుగు పట్టినవాడొకడు,
కింద మూలన, మరిచిపోయి చివర్లో ఇరికించినట్టు,
ఓ చిన్న రైలు.
"రైలెందుకే?" అన్నాను.

సబిత గమాంగ్‌ది పుట్టాసింగి కొండ. నవ్వింది.
"ఇది చూడ్డానికి ఏసింది కాదే.
పోయినోలు కల్లోకొచ్చి అడుగుతారు.
ఇల్లంటే ఇల్లు, సైకిలంటే సైకిలు.
గోడ మీద ఏసిచ్చేస్తే ఇంట్లో జొరం తగ్గుతాది.
ఎవులో రైలడిగారు. ఇచ్చేరు."
"మరి ఈ ఇంట్లో ఎవరికి జ్వరం?" అంది హైమ.
సబిత నవ్వు ఆగిపోయింది.
చుట్టూ ట్యూబులైట్లకేసి చూసి
"అదే తెలీట్లేదు" అంది.

మా తాత చిన్న లైను మీద పాయింట్స్‌మన్.
దిగి జామకాయ కోసుకుని
మళ్లీ అదే పెట్టె ఎక్కేంత నెమ్మది బండి.
పెద్ద లైను కోసం ఆ పట్టాలు పీకుతుంటే
రోజూ సైకిలేసుకుని వెళ్లి చూసొచ్చేవాడు.
నేను మూడో తరగతి.
ఏం చూశావు తాతా అంటే, ఎండ బాగా ఉంది అనేవాడు.
పచ్చజెండా గుడ్డ దిండు కింద మడతపెట్టి ఉండేది.
అమ్మ తెలీక ఓసారి దాన్ని మసిగుడ్డ చేసింది.
ఆయన ఏమీ అనలేదు.
ఆ రాత్రి అన్నం దగ్గరికి మాత్రం రాలేదు.

పోయి ఆరేళ్లు. నా కల్లోకి ఒక్కసారీ రాలేదు.
"అడగనివాళ్లకి ఏం గీస్తారు?" అన్నాను.
"అడగనోలే ఎక్కువ సతాయిస్తారు" అంది సబిత,
బస్సు హారన్ కొడుతుంటే పరిగెడుతూ.

పది లైన్లూ ఒడియాలో రాసిచ్చాను:
గీతలు సరళం, రంగులు సహజం, నాకు ఆనందం కలిగింది.
పదికి ఆరు.

ఆ సాయంత్రం బస్సు కుదుపుల్లో, నోటుబుక్కు వెనక పేజీలో,
చదరం గీద్దామంటే వంకరొచ్చింది.
లోపల నాలుగు పెట్టెల బండి.
పట్టాల పక్కన చీపురుపుల్ల మనిషి, చేతిలో జెండా.
పచ్చ పెన్ను లేదు.
ధనుంజయని అడిగితే వెతికి వెతికి ఎర్రది ఇచ్చాడు.
ఎర్రజెండా అయితే బండి ఆగిపోతుంది.

సర్లే అనుకున్నాను.
కాసేపు ఆగనీ.