బహువచనం

లీడ్స్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
బస్సు అద్దం మీద ఏ పిల్లో వేలితో గీసిన ఇల్లు
నీరై కారిపోతోంది.
అందరూ మఫ్లర్లలో ముడుచుకుంటే
నేను స్వెట్టరు విప్పి ఒళ్లో పెట్టుకున్నాను.
మెడ వెనక నిప్పు రాజుకుని
చెవులదాకా పాకుతోంది.

వయసా? మాత్రా?

పదకొండేళ్లుగా రాత్రి అన్నం తిన్నాక మింగుతున్న
లేత గులాబీ రంగు మాత్ర
మెంతుల డబ్బాలో ఉంటుంది.
మా ఇంట్లో మెంతుల జోలికి ఎవరూ పోరు.

డాక్టరు మంచివాడు, అబద్ధమాడడు.
"తెలీదు" అన్నాడు.
ఈ మందు పరీక్షించిన రోజుల్లో
నా ఈడు ఆడవాళ్లు ఎందరున్నారని అడిగాను.
తెర మీద చాలాసేపు వెతికి
కళ్లజోడు తీసి తుడుచుకుని
"నలుగురు" అన్నాడు.

నలుగురు!
మా వైపు మోయడానికి కావాలి నలుగురు.
నలుగురూ ఏమనుకుంటారోననే కదా
పదకొండేళ్లు నోరు కుట్టేసుకున్నాను.
ఇప్పుడు నా ఒంటి లెక్క తేల్చడానికీ
ఆ నలుగురేనా దిక్కు?

రూడోది జింబాబ్వే. తనకీ ఇదే.
నాకంటే ఆరేళ్లు సీనియర్నని నవ్వుతుంది.
ఎలా వచ్చిందని నన్నెప్పుడూ అడగలేదు,
మీరూ అడక్కండి.
ఒక గురువారం ఇరవయ్యారు పేజీల కాగితాలు తెచ్చి
నా టీ కప్పు పక్కన పెట్టింది.
ముట్లుడిగే వయసులో ఈ మందు ఏం చేస్తుందో
చూసే అధ్యయనమట.

నాకు కోపం వచ్చింది.
ముప్ఫై తొమ్మిదిలో అడిగితే
కడుపు పండితే ప్రమాదమని వద్దన్నారు.
నలభై తొమ్మిదిలో
ఆ వయసు దాటుతోందని వద్దన్నారు.
మధ్యలో ఏ మంగళవారం
నేను పనికొచ్చే ఆడదాన్నో చెప్పమను.
పైగా నాది వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ.
వాళ్లు పగలు పదకొండింటికి రమ్మంటారు,
అప్పుడు నేను నిద్రలో ఉంటాను, లేదా నిద్ర కోసం ఏడుస్తుంటాను.
ఆసుపత్రి ముద్రతో ఇంటికి కవరొస్తే
గుమ్మంలో అత్తగారు ముందు తీస్తుంది.

రూడో పెన్ను తీసింది.
"ఇవన్నీ రాయి" అంది.
"మనం రాకపోతే మనకి ఇష్టం లేదని రాసుకుంటారు."

ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో
పిల్లలకి తెలుగు చెప్తాను.
పోయిన వారం హవిష నిలదీసింది:
అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది.
నాన్న మాత్రం వచ్చాడు.
"అమ్మా బస్సూ ఒకటేనా?"
ముప్ఫై ఏళ్లుగా నా నోట్లో నలిగిన వ్యాకరణం
మొదటిసారి గొంతుకి అడ్డం పడింది.
ఆమె మింగింది. మాత్ర కరిగింది.
ఆమె బరువు పెరిగింది. మందు పనిచేసింది.
ఎవరు మనిషి, ఏది వస్తువు?

హవిషే బోర్డు దగ్గరికెళ్లి రాసింది:
బస్సులు వచ్చాయి.
అమ్మలు వచ్చారు.

ఒక్కర్తినైతే బస్సుతో పాటు నిలబెట్టిన భాష
రెండోది పక్కన చేరగానే
మనుషుల్లో కలిపేసింది.

రాసిచ్చాను.
సాయంత్రం ఆరు తర్వాత, ముద్రలేని కవరు,
పిల్లల్ని చూసుకోడానికి ఒక గది, బస్సు ఛార్జీ.
మూడు ఒప్పుకున్నారు.
గది గురించి ఆలోచిస్తున్నారట.
నా పేరు ఉండదు, నంబరు ఉంటుంది.
పేరు లేకపోవడం ఇంత హాయిగా ఉంటుందని
నాకు తెలీదు.

ఫిబ్రవరి. ఆసుపత్రి మూడో అంతస్తు.
తలకి పచ్చ గుడ్డ చుట్టుకున్న ఒకావిడ,
బడిలో వంట చేసే ఒకావిడ,
నిద్రపోతున్న పసివాణ్ణి భుజాన వేసుకున్న ఒకావిడ, అమ్మమ్మట.
ఎవరి కళ్లూ ఎవరినీ చూడట్లేదు.
ఉన్నట్టుండి ఒకరి మెడ ఎర్రబడింది,
తర్వాత నాది.
ఇరవయ్యారు పేజీల కాగితాలతో
అందరం విసురుకోవడం మొదలుపెట్టాం.

జవాబు రావడానికి మూడేళ్లు పడుతుందట.
అప్పటికి నా మంట చల్లారిపోవచ్చు,
అది ఇంకెవరి మెడ మీదో ఉండొచ్చు.

నర్సు తలుపు తీసి,
లోపలెవరికో చెప్పింది.
నాకు ఇంగ్లీషులో వినపడలేదు.

వచ్చారు.